దండ వేయకూడని ఫొటో

మొన్న బతాకా రెన్యువల్‌కి మెడికల్ చేయించుకోవడానికి మస్కట్ అల్ మవాలేలో మా ఇంటికి దగ్గరగా ఉన్న క్లినిక్‌కి వెళ్ళాను. బతాకా అంటే ఈ దేశంలో మనం ఉండొచ్చని ఇచ్చే కార్డు. గల్ఫులో పనిచేసి జుట్టు నెరిసిన మన ఈడు ఆడవాళ్ళకి ఆ మాట చెవిన పడితే చాలు, ఈసారి మెడికల్ దాటుతామా అన్న బెంగ పట్టుకుంటుంది. రక్తం తీసే మలయాళీ పిల్ల నా చేతిలో నరం దొరక్క రెండుచోట్ల పొడిచి, నొప్పిగా ఉందా ఆంటీ అని హిందీలో పాపం నొచ్చుకుంటూ అడిగింది. నాకు నొప్పి మీద ధ్యాస లేదు. ఇరవై ఏళ్ళ కిందట సూర్ అనే ఊళ్ళో ఇలాంటి కుర్చీలోనే కూర్చుని, పెళ్ళిలో గాజులు తొడిగించుకుంటున్నంత సంబరంగా సూదికి చెయ్యి చాపిన ఒక ముసలావిడ కళ్ళ ముందు కదిలింది. ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గూ దుఃఖమూ కలిసే వస్తాయి, అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా కోనసీమ నుంచి నేను మొదటిసారి ఒమాన్ వచ్చినప్పుడు ఏజెంటు చెప్పిన ఇల్లు ఒకటి, తీరా దిగిన ఇల్లు ఇంకొకటి. అయితే నా అదృష్టం బాగుండి మంచి ఇంట్లోనే పడ్డాను. సూర్‌లో గ్యాస్ ప్లాంటులో ఇంజినీరుగా పనిచేసే ఒకాయన, ఆయన భార్య, ఆవిడ తల్లి, ముగ్గురే మనుషులు. వాళ్ళది చిలీ దేశం. మనకి అమెరికా అంటే ఒక్కటే అమెరికా, డబ్బున్నవాళ్ళ అమెరికా. దాని కింద దక్షిణాన ఇంకో అమెరికా ఉందని, అక్కడ సముద్రానికీ కొండలకీ మధ్య పీలికలా సాగిన ఈ దేశం ఉందని, వాళ్ళింట్లో గోడకి తగిలించిన పటం చూశాకే నాకు తెలిసింది. కూతుర్ని మేడమ్ అనేదాన్ని. తల్లిని ఏమని పిలవాలో తోచక పెద్దమ్మగారు అనడం మొదలుపెడితే, ఆవిడకి ఆ పిలుపు నచ్చి తనే అందరికీ అలా పరిచయం చేసుకునేవారు.

పెద్దమ్మగారికి డెబ్బై అయిదు దాటాయి. ఆవిడకి ఇంగ్లీషు నా అంతే వచ్చు, అంటే యాభై మాటలు. నా దగ్గర మిగిలినవి ఇంత హిందీ, ఇంత అరబ్బీ. ఆవిడ దగ్గర స్పానిష్. అయినా వంటింట్లో ఇద్దరం రోజంతా మాట్లాడుకునేవాళ్ళం, చేతులు దేనికున్నాయి? మా ఇద్దర్నీ కలిపింది టీ. సాయంత్రం అయిదయ్యేసరికి ఆ దేశం వాళ్ళకి రొట్టె, టీ ఉండి తీరాలి. ఆవిడ పాలు లేని టీ తాగేవారు, నేను అల్లం దంచి వేసిన పాల టీ తాగేదాన్ని, ఒకరి కప్పు చూసి ఒకరం మొహం చిట్లించుకునేవాళ్ళం. రొట్టె పిండి మాత్రం ఆవిడే కలిపేవారు, నా చేతికి ఇచ్చేవారు కాదు. ఆ చేతివేళ్ళు మట్టి పని చేసిన మనిషివిలా మొద్దుగా, గోళ్ళు పగిలి ఉండేవి. కాస్త ఉన్నవాళ్ళింటి ఆవిడకి ఆ వేళ్ళేమిటని నేను అనుకునేదాన్ని.

ఆ ఇంటి డ్రైవరు కడప దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన ముస్లిం కుర్రాడు, నన్ను అక్కా అనేవాడు. అతని తెలుగు నాకు సగం అర్థమయ్యేది కాదు, నా తెలుగుకి అతను నవ్వేవాడు. పెద్దమ్మగారిని సాయంత్రాలు కారులో అలా తిప్పుకురావడం అతని డ్యూటీ. చెక్క ఓడలు కట్టే చోటికి తీసుకెళ్ళేవాడు, సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళేవాడు, ఆవిడ మాత్రం ఊరు దాటగానే కనిపించే బోడికొండల వైపు పోనిమ్మనేవారుట. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి నాతో అన్నాడు.

"అక్కా, ఈ పెద్దామె యాడ కొండ కనపడినా బండి ఆపమంటాది. దిగి నేల చూసుకుంటా పోతాది. తెల్లంగా రాయో గవ్వో కనపడితే తీసుకుంటాది, రుద్ది చూసి పారేస్తాది. ఏం పోగొట్టుకున్నెదో ఏమో!"

ముసలితనం కదా, చాదస్తం అనుకున్నాం ఇద్దరమూ. ఎంత తేలిగ్గా అనేస్తాం ఆ మాట.

ఆవిడ గదిలో మంచానికి ఎదురుగా గోడ మీద ఒక ఫొటో ఉండేది. నలుపు తెలుపు ఫొటో, ఇరవై ఇరవై రెండేళ్ళ అబ్బాయి, నుదుటి మీద పడ్డ జుట్టు, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న మొహం. పాతకాలం ఫొటో అని చూడగానే తెలుస్తుంది. దాని కింద చిన్న బల్ల, బల్ల మీద ఏమీ ఉండేది కాదు, రోజూ తుడిపించేవారు. నేను చేరిన నాలుగో నెలలో అనుకుంటా, ఒకరోజు పొద్దున్న టీ తీసుకెళ్తే ఆవిడ ఆ ఫొటో ముందు కుర్చీ వేసుకుని కూర్చుని నిశ్శబ్దంగా ఏడుస్తున్నారు. బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది. పోయిన కొడుకు, ఇవాళ తద్దినం అయి ఉంటుంది, పరాయి దేశంలో పడి ఉన్నారు, చేసేవాళ్ళు లేరు అనుకున్నాను. మన ఇళ్ళలో పోయినవాళ్ళ ఫొటో బోసిగా ఉంచుతామా? దండ లేని ఫొటో చూస్తే మనకే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది కదా.

ఆ సాయంత్రం ఆవిడ కారులో బయటికి వెళ్ళగానే, కాంపౌండు గోడ పక్కనున్న తెల్ల గన్నేరు చెట్టు దగ్గరికి వెళ్ళి దోసెడు పూలు కోసుకొచ్చి, దారంతో దండ కట్టి ఆ ఫొటోకి వేశాను. నా పెట్టెలోంచి కుంకుమ తీసి అద్దం మీద అబ్బాయి నుదుటి దగ్గర చిన్న బొట్టు పెట్టాను. అగరొత్తి కూడా వెలిగించాను. ఎంత బాగా చేశానో అనుకుంటూ వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను కూడాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆవిడ వచ్చారు. గదిలోంచి కేక వినిపించింది. అంత పెద్దావిడ గొంతులోంచి అంత కేక వస్తుందని నేను అనుకోలేదు. పరిగెత్తుకు వెళ్ళేసరికి దండ తెంపి నేల మీద విసిరేశారు, అగరొత్తిని చేత్తోనే నలిపి ఆర్పేశారు, బొట్టుని గౌను అంచుతో తుడుస్తున్నారు, అది చెరిగి అద్దమంతా ఎర్రగా పులుముకుంటోంది. ఆ ఎరుపు చూసి ఇంకా గట్టిగా రుద్దసాగారు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతూ, నో, నో, నో అని ఒక్కటే మాట. ఆ రాత్రి అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు, నేను గదిలోకి వెళ్తే గోడవైపు తిరిగిపోయేవారు. నన్ను ఇంటికి పంపించేస్తారని నేను బట్టలు సర్దుకున్నాను. డ్రైవరుకి మేడమ్ ద్వారా సంగతి తెలిసి వంటింట్లోకి వచ్చాడు.

"ఎంత పని చేసినావక్కా! ఆయప్ప సచ్చిపోలేదంట. సచ్చినాడని ఎవురూ చెప్పలేదంట ఇంతవరకూ. ముప్పై ఏండ్లాయెనంట, ఆయమ్మ చూస్తానే ఉండాదంట."

తర్వాత మేడమే నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఫొటోలోని అబ్బాయి మేడమ్‌కి అన్న, నేను కొవ్వొత్తి చూసింది అతని పుట్టినరోజు నాడు. రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుంటూ, సాయంత్రాలు పనివాళ్ళ పిల్లలకి చదువు చెప్పేవాడు. డెబ్బైల్లో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కినప్పుడు, సంఘాల్లో తిరిగినవాళ్ళనీ, పాటలు పాడినవాళ్ళనీ, ఏమీ చెయ్యనివాళ్ళనీ కూడా పట్టుకుపోయారు. ఇతన్ని పట్టపగలు, భోజనానికి ఇంటికొస్తుంటే వీధి మలుపులో జీపు ఎక్కించుకుపోయారు. చూసినవాళ్ళు ఉన్నారు, నోరు విప్పినవాళ్ళు లేరు. మేడమ్‌కి అప్పుడు పదమూడేళ్ళు. ఆ రోజు వండిన బఠాణీ కూర గిన్నె వాళ్ళమ్మ మూడు రోజులు పొయ్యి మీంచి దించలేదని చెబుతూ, ఆ గ్యాస్ ప్లాంటు ఇంజినీరుగారి భార్య నా ముందు చిన్నపిల్లలా ఏడ్చారు.

పెద్దమ్మగారు జైలు గేటు దగ్గరికి వారం వారం ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు మూటగట్టి తీసుకెళ్ళేవారుట. గేటు దగ్గర సిపాయి మూట తీసుకునేవాడు. తీసుకుంటున్నారు కాబట్టి కొడుకు లోపల ఉన్నాడని ఆవిడ ధైర్యం. మూడు నెలలు అలా తీసుకున్నాక, ఒకరోజు ఒక అధికారి ఆవిడ మొహం కూడా చూడకుండా, ఆ పేరుగలవాడు ఇక్కడికి ఎప్పుడూ రాలేదన్నాడు. మరి బట్టలెందుకు తీసుకున్నారంటే జవాబు లేదు. ఇంకొక ఆఫీసులో, మీవాడు ఏ పిల్లతోనో పక్క దేశం పారిపోయి ఉంటాడు, పోయి ఇల్లు చూసుకో అని నవ్వారు. కోర్టులో కాగితం తీసుకోలేదు. అప్పుడు ఆవిడలాంటి తల్లులూ భార్యలూ కొందరు కలిసి, పట్టుకుపోయినవాళ్ళని అక్కడ పాతిపెట్టారన్న గుసగుసలు విని, పారలూ గునపాలూ పట్టుకుని ఊరి బయట ఎడారిలోకి నడిచారు. వాళ్ళది ఎడారి ఊరే, వాన పడదు, పాతిపెట్టింది చెడదు. ఏళ్ళ తరబడి ఆదివారాలు తవ్వారు. ఎముకకీ రాయికీ తేడా ముట్టుకుని చెప్పగలిగేంత తవ్వారు.

నేను సర్దిన పెట్టె ముందు కూర్చుని ఇదంతా విన్నాను. ఆవిడ వేళ్ళు అలా ఎందుకున్నాయో, సూర్ కొండల దగ్గర నేల చూసుకుంటూ ఎందుకు నడిచారో ఇప్పుడు తెలిసింది. కొడుకు చచ్చిపోయాడని సైన్యం చెప్పలేదు, కోర్టు చెప్పలేదు. చెప్పింది నేను, దోసెడు గన్నేరు పూలతో.

మూడోనాడు సాయంత్రం అయిదింటికి ఆవిడే వంటింట్లోకి వచ్చారు. టీకి నీళ్ళు పెట్టి, తన కప్పులో తనకి కావలసినట్టు పోసుకుని, నా కోసం అల్లం ముక్క తీసి చేతికిచ్చారు. నేను కాళ్ళ మీద పడబోతే భుజాలు పట్టుకుని ఆపేశారు. నా చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి, ఫొటో చూపించి కొడుకు పేరు చెప్పారు. నా చేత మూడుసార్లు అనిపించారు. ఆ తర్వాత నుంచి ఆ గది తుడవడం నాకే అప్పగించారు.

ఆ ఏడే సెప్టెంబరులో వాళ్ళ దేశపు పండగ వచ్చింది. ప్లాంటులో పనిచేసే వాళ్ళ దేశస్థులు రెండు మూడు కుటుంబాలు మా ఇంట్లో చేరారు. తిండి అయ్యాక పాట పెట్టి, ఆడా మగా జంటగా చేతిలో రుమాళ్ళు తిప్పుతూ ఆడారు. మన కోలాటంలా అందరూ ఒక్కటిగా కాదు, ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ, దగ్గరకొస్తూ దూరమవుతూ ఉంటుంది ఆ ఆట. నేనూ డ్రైవరూ వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాం. అందరూ కూర్చున్నాక పెద్దమ్మగారు లేచారు. నల్ల గౌను, దాని మీద రొమ్ము దగ్గర పిన్నీసుతో ఆ ఫొటో చిన్న కాపీ గుచ్చుకుని ఉన్నారు. పాట మళ్ళీ మొదలైంది. ఆవిడ ఒక్కరే రుమాలు పైకెత్తి, ఎదురుగా ఎవరో ఉన్నట్టే నవ్వి, ఆ ఎవరూ లేని చోటు చుట్టూ తిరిగారు.

"జోడీ లేకుండా ఆడుతాందే అక్కా!" అన్నాడు డ్రైవరు. అని, వెంటనే అర్థమై తల దించుకున్నాడు.

తప్పిపోయినవాళ్ళ ఆడవాళ్ళు అక్కడ అలా ఒంటరిగా ఆడతారని, ఆ దేశంలో అది అందరికీ తెలిసిన సంగతేనని మేడమ్ తర్వాత చెప్పారు. ఆడుతున్నంతసేపూ ఆవిడ అడుగు ఒక్కటి తప్పలేదు. పాట అయ్యాక చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక అందరూ ఊరికే కూర్చున్నారు. నేను వంటింట్లోకి వచ్చి గిన్నెలు తోముతూ ఏడ్చాను.

ఆ తర్వాత అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. ఎడారిలో ఒక గుంటలో ఎముకల ముక్కలు దొరికాయి, ఎవరివో తేల్చడానికి తల్లుల రక్తం కావాలని. సూర్‌లో ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను. ఆవిడ మంచి గౌను వేసుకుని, జుట్టు దువ్వించుకుని వచ్చారు. సంబరంగా చెయ్యి చాపారని మొదట్లో చెప్పానే, అది ఆ రోజు. ఇన్నేళ్ళకి కొడుకు కోసం ఒకరు తనని ఏదైనా అడిగారు, అదీ ఆ సంతోషం.

ఆరేడు నెలలకి ఫోన్ వచ్చింది. రక్తం కలిసింది. దొరికింది అరచేతిలో పట్టేంత ఎముక, దాని చుట్టూ అంటుకున్న కాస్త స్వెట్టరు ఊలు. మిగతావి ఏవి అంటే, సైన్యం వాళ్ళు తర్వాత ఎప్పుడో ఆ గుంటలు మళ్ళీ తవ్వి, శవాలు తీసి వేరే చోట పారేశారుట, ఆ తీసే తొందరలో మిగిలిపోయిన ముక్కలివి. తల్లి వచ్చి సంతకం పెట్టి, తీసుకుని, ఖననం చెయ్యాలి. పెద్దమ్మగారు విన్నారు. విని, కాదు, అది నా కొడుకు కాదు అన్నారు. టీ మానేశారు. కారు ఎక్కడం మానేశారు. ఫోన్ మోగితే చెవులు మూసుకునేవారు. మేడమ్ బతిమాలారు, కోప్పడ్డారు, ఏడ్చారు. చివరికి ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, అమ్మ నీ మాట వింటుంది, నువ్వు చెప్పు, ఈ వయసులో ఇంక ఎంతకాలం ఎదురు చూస్తుంది, ఆవిడ కళ్ళు మూసేలోపు ఆ కాస్త అయినా మట్టిలో పెట్టనిద్దాం అన్నారు. నా చేత ఒకసారి జరిగిన తప్పు చాలక, మళ్ళీ నా చేతిలోనే పెట్టారు ఆ పని. కాదనలేకపోయాను.

ఇక్కడ మా పిన్ని సంగతి చెప్పాలి. మా చిన్నాన్న భార్య. చిన్నాన్న పడవ మీద వేటకెళ్ళి తుఫానులో తిరిగి రాలేదు, అప్పుడు నాకు ఆరేళ్ళు. మనిషీ దొరకలేదు, పడవ చెక్కా దొరకలేదు. పన్నెండేళ్ళు పిన్ని బొట్టు పెట్టుకునే ఉంది, గాజులు వేసుకునే ఉంది. పన్నెండేళ్ళు నిండాక మా నాన్న పెద్దల్ని కూర్చోబెట్టి, దర్భగడ్డితో బొమ్మ చేయించి, దాన్ని చిన్నాన్న అనుకుని పాడె కట్టి దహనం చేయించాడు. కర్మ చేశారు. ఆ రోజే పిన్ని గాజులు పగలగొట్టారు. పిన్ని ఏడవలేదు. ఆ తర్వాత మా నాన్న పోయేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన శవం దగ్గరకి కూడా రాలేదు. ఇదీ జరిగింది.

నేను పెద్దమ్మగారికి చెప్పింది పూర్తిగా ఇది కాదు. రొట్టె పిండి కలుపుతున్నారు ఆవిడ, మేడమ్ కోసం చాలారోజుల తర్వాత. పక్కన నిలబడి నాకు వచ్చిన మాటలన్నీ పోగుచేసి, చేతులతో పడవ చూపించి, గాలి చూపించి, గడ్డి బొమ్మ చూపించి, అంతా ఉన్నదున్నట్టే చెప్పాను. చివర మాత్రం, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసి, ఆ రోజు నుంచీ మా పిన్ని హాయిగా నిద్రపోయింది అని చెప్పాను. పచ్చి అబద్ధం. ఆవిడ మంచికే అనుకున్నాను.

ఆవిడ పిండి కలపడం ఆపి నా చేతుల వైపు చూశారు. తర్వాత అడిగారు, మీ చిన్నాన్న ఎక్కడున్నాడో ఎవరికి తెలుసని. ఎవరికీ తెలియదు, సముద్రానికే తెలుసు అన్నాను. ఆవిడ తల ఊపారు. ఇలా చక్కటి తెలుగులో కాదులెండి, విరిగిన మాటల్లో, పిండి చేతులతో ఆవిడ నాకు చెప్పిన దాని భావం ఇది: సముద్రానికి నోరు లేదు కాబట్టి చెప్పలేదు. నా కొడుకుని ఎక్కడ పారేశారో తెలిసినవాళ్ళకి నోళ్ళున్నాయి. వాళ్ళు నా ఊళ్ళోనే ఉన్నారు, పింఛను తీసుకుంటున్నారు, ఆదివారం చర్చిలో నా ముందు బెంచీలో కూర్చుంటారు.

నా అబద్ధం ఇంత పెద్ద దుఃఖం ముందు ఎందుకూ కొరగాకుండా నిలబడింది.

అయినా వారం తిరక్కుండా ఆవిడ వెళ్తానన్నారు. మేడమ్ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మస్కట్ ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్ళాను. ఆ ఫొటో చేతిసంచిలో పెట్టుకుని, నా నుదుటి మీద ముద్దు పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

నెల రోజులకి మేడమ్ ఒక్కరే తిరిగొచ్చారు. చిన్న పెట్టెని పెద్దమ్మగారు తన చేతులతో మట్టిలో పెట్టారుట. అందరూ ఇంక ఈవిడ కుదుటపడుతుంది అనుకున్నారు. మరుసటి ఆదివారం పొద్దున్నే లేచి, మూలనున్న పార బయటికి తీసి, మిగిలిన ఆడవాళ్ళతో ఎడారికి బయలుదేరారుట. అమ్మా, పాతిపెట్టాం కదా అంటే, అది దొరికిందే, మిగతాది ఏదీ అన్నారుట. ఒమాన్ ఇంక రానన్నారు. నాకు ఒక మాట చెప్పమన్నారని మేడమ్ కాస్త ఇబ్బందిపడుతూ చెప్పారు. మీ పిన్ని నిద్రపోలేదని నాకు అప్పుడే తెలుసు, చెబుతున్నప్పుడు నీ చేతులు వణికాయి; నా కోసం అబద్ధం చెప్పావని కోపం లేదు; కాని ఒకసారి వెళ్ళి ఆవిణ్ణి అడుగు, ఎవరూ అడిగి ఉండరు.

ఆ ఏడు సెలవుకి వెళ్ళినప్పుడు అడిగాను. పిన్ని అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆ సంగతి ఎత్తినవాళ్ళం లేము. నేను ఎత్తేసరికి చెయ్యి ఆపలేదు, మొహం ఎత్తలేదు.

"నేనెప్పుడు ఒప్పుకున్నానే? మీ నాన్న ఒప్పుకున్నాడు. గాజులంటావా, ఆళ్ళకి కావాలనిపించింది, పగలగొట్టుకున్నారు. గడ్డిబొమ్మని కాలిస్తే మడిసి పోతాడేటి?"

నేను పెద్దమ్మగారి గురించి చెప్పాను. జైలు గేటు, బట్టల మూటలు, పార, ముందు బెంచీలో కూర్చునేవాళ్ళు, అంతా. పిన్ని అప్పుడు తలెత్తింది. చింతపండు పక్కకి జరిపి అంది, "అయితే ఆవిడకి అడగడానికి మనుషులున్నారన్నమాట. అదృష్టవంతురాలే తల్లీ." వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే అసూయపడింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరిది తూర్పు తీరం, ఒకరిది భూమికి ఆ చివర, ఒకరి బతుకు విని ఇంకొకరు అసూయపడటం నా చెవులతో విన్నాను. నేను మాత్రం మధ్యలో నిలబడి, ఇద్దరికీ ఏమీ చెయ్యలేకపోయాను.

మా మేడమ్ వాళ్ళు తర్వాత రెండేళ్ళకి సూర్ వదిలి వెళ్ళిపోయారు. డ్రైవరు ఖబూరా అనే ఊళ్ళో ఏదో దుకాణంలో కుదిరాడు. నేను ఇళ్ళు మారి మారి అల్ మవాలే చేరాను, ఇప్పుడొక తెలుగు కుటుంబానికి వండిపెడుతున్నాను. పెద్దమ్మగారు ఎనభై ఎనిమిదో ఏట పోయారని మేడమ్ మెసేజ్ పెట్టారు, పోయే ఏడాది ముందు వరకూ కర్ర పట్టుకుని ఎడారికి వెళ్ళారట. పిన్ని రెండేళ్ళ కిందట పోయింది, పెట్టెలో బొట్టుబిళ్ళల అట్టలు దొరికాయని మా తమ్ముడు ఫోన్‌లో చెప్పి ఆశ్చర్యపోయాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇప్పటి పిల్లలకి ఇవన్నీ చెబితే అర్థం కావు. రెండు గంటలు ఫోన్ ఎత్తకపోతే పోలీసులకి చెబుదామంటారు, మనిషి ఎక్కడున్నాడో ఫోన్‌లోనే చుక్కలా కనిపిస్తుంది. ఆ దేశం కూడా మారిందట. ఈమధ్య అక్కడి ప్రభుత్వం, తప్పిపోయినవాళ్ళని ఇంక కుటుంబాలు కాదు, మేమే వెతుకుతాం అని ముందుకొచ్చిందని మేడమ్ రాశారు. ఎక్కడ పారేశారో చెప్పగలిగినవాళ్ళు చాలామంది ముసలివాళ్ళై, చెప్పకుండానే పోయారని కూడా రాశారు.

మేడమ్ ఇప్పుడు వాళ్ళమ్మ ఇంట్లోనే ఉంటున్నారు. మొన్నామధ్య ఆ పనిమీద ఉన్న ఆఫీసు నుంచి ఒక కుర్రవాడు ఫోన్ చేశాట్ట. పెద్దమ్మగారి పూర్తి పేరు గౌరవంగా పలికి, అమ్మగారు ఉన్నారా అండీ, వారికి వీలున్నప్పుడు ఇంటికి వచ్చి, వారి అబ్బాయి గురించి వారు చెప్పేదంతా విని రాసుకోవాలి, ఎంతసేపైనా పరవాలేదు అన్నాడట. లేరని చెప్పేసరికి ఆలస్యమైపోయింది, క్షమించండి అన్నాడట. ఆ మెసేజ్ చదివి నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేకపోయాను. ఇన్నేళ్ళలో ఎన్ని గేట్ల ముందు, ఎన్ని ఆఫీసుల ముందు నిలబడ్డారో ఆవిడ, కూర్చోమ్మా, మీవాడి గురించి చెప్పమ్మా అన్నవాడు ఒక్కడు లేడు. చివరికి ఒకడు అడిగాడు, ఆ మాట వినడానికి ఆవిడే లేరు.